పదింటి సైరన్ మీద ఫిర్యాదు

మామయ్యకు నమస్కారాలు.

ఆనకట్ట పొంగితే జనాన్ని హెచ్చరించే సైరన్ దగ్గర నన్ను వేశారు. నా గది మీ వీధి వెనక కొండమీదే అయినా, డ్యూటీలో దిగకూడదట. అందుకే పాలాయన చేత ఈ ఉత్తరం. ప్రతి సోమవారం పదింటికి సైరన్ మోగించి చూస్తాం, అది ఉత్తుత్తిదే. మరెప్పుడు మోగినా ఉన్నవాళ్లు ఉన్నట్టే కొండెక్కి నా గదికి వచ్చేయాలి. మీది పల్లపు వీధి, ముందు మునిగేది మీరే.

మీ మేనల్లుడు.

తా.క. అత్తయ్య గిన్నెలు మోసుకురానక్కర్లేదు.

ఒరేయ్ అల్లుడూ, ఆశీస్సులు.

సైరన్ అమోఘం! నలభై ఏళ్లుగా గడియారాలు బాగుచేస్తున్నాను, ఈ వీధిలో ఏ రెండూ ఒకమాట మీద నిలబడలేదు. ఇప్పుడు నీ కూత వినే ఇస్త్రీ ఆయన కొట్టు తెరుస్తున్నాడు, మీ అత్తయ్య అన్నం దించుతోంది. మిగతా ఆరు రోజులూ ఏం పాపం చేశాయి? రోజూ మోగించమని వీధంతా సంతకాలు పెట్టి మీ పై ఆఫీసుకు పంపాం.

ఇట్లు, మామయ్య.

తా.క. మొన్న ఏడు నిమిషాలు ఆలస్యం చేశావు. అన్నం మాడింది. గిన్నె తోమకుండా సాక్ష్యానికి ఉంచాం.

మామయ్యా, నమస్కారం పెట్టి మొత్తుకుంటున్నాను.

అది ప్రాణాలు కాపాడే సైరన్, అన్నం దించే గంట కాదు! రోజూ మోగితే నిజంగా మోగిననాడు ఎవరు కదులుతారు? ఈ మాటే పై అధికారితో అన్నాను. "జనానికి మనమీద ఇంత నమ్మకమా!" అని ఆయన కళ్లు తుడుచుకుని, రోజూ మోగించమన్నాడు. 

మీ మేనల్లుడు.

తా.క. ఒక్కసారైనా కొండెక్కి చూడండి, దారైనా తెలుస్తుంది.

అల్లుడికి,

మోకాళ్ల నొప్పులతో కొండలెక్కడం మావల్ల కాదు. నిన్న నాలుగు నిమిషాలు ముందే మోగించావు. నీమీద పై ఆఫీసుకు ఫిర్యాదు రాశాం. ఇంకోసారి వేళ తప్పావో, వీధి వీధంతా నీ గదికొచ్చి నిలదీస్తుంది.

కోపంతో, మామయ్య.

తా.క. కోపమొస్తే మాకు మోకాళ్లు గుర్తుండవు.

పూజ్యులైన మామయ్యకు,

నిన్న మూడింటికి మోగింది నిజం సైరనే. పావుగంటలో వీధంతా కొండమీద ఉంది. నాకు ఏడుపొచ్చింది. అత్తయ్య మాడిన గిన్నె నా ముక్కుకి ఆనించి "మూడింటికి పది కొడతావుట్రా?" అనేదాకా, మీరంతా నన్ను తిట్టడానికొచ్చారని తెలియలేదు. నా కాలర్ పట్టుకున్న ఇస్త్రీ ఆయన కిందికి చూశాడు. కొట్టు లేదు, నీళ్లున్నాయి. అప్పుడు వదిలాడు. పై ఆఫీసువాళ్లు మీ క్రమశిక్షణకి ప్రశంసాపత్రం పంపుతున్నారు. ఇకనైనా ఫిర్యాదు వెనక్కి తీసుకోండి.

మీ మేనల్లుడు.

తా.క. కాలర్ చిరిగింది. చొక్కా మరొకటి లేదు.

నాయనా,

నీళ్లు తీశాక కొట్టు తెరిచాను. గడియారాలన్నీ మూడుంబావుకి ఆగిపోయాయి. నలభై ఏళ్లకి ఒకమాట మీదికొచ్చాయి. చాలా భయమేసిందిరా. చొక్కా కుట్టిస్తాను. ఫిర్యాదు మాత్రం వెనక్కి తీసుకోం. ప్రాణభయమంటే మావాళ్లు గడప దాటరు. తగువంటే పరుగెత్తుకొస్తారు.

నీ మామయ్య.

తా.క. అత్తయ్య గిన్నె ఇంకా తోమలేదు. వచ్చే వరదకి ఉంచుతోంది.