ఫ్రిజ్ మీది చిలక

వదినా,

ఎదుటపడి చెప్పడానికి మొహం చెల్లక రాస్తున్నాను. అన్నయ్య తన తప్పువల్లే పోయాడని ఆఫీసువాళ్లు పంపిన కాగితం మీద సంతకం పెట్టకు.

సర్వర్ల గదిలో అన్నయ్య పని. బయట తెర ముందు కూర్చుని ఆ గదిలో వేడి, పొగ, తలుపులు కనిపెట్టుకుని ఉండటం నా పని. అన్నయ్య సర్వర్లుండే ర్యాక్ తలుపు తీసినప్పుడల్లా నా దగ్గర అలారం మోగేది. మోగిన ప్రతిసారీ ఎందుకు మోగిందో నేను రాసి పంపాలి. విసుగొచ్చి, "ఇంటినుంచి ఓ అయస్కాంతం తెచ్చి సెన్సర్‌కి అంటించు అన్నయ్యా, తలుపు తీసినా మూసినట్టే చూపిస్తుంది" అన్నాను. "నీ బుర్ర పాదరసంరా" అని నవ్వాడు. మర్నాడే తెచ్చాడు.

ఆ మధ్యాహ్నం పొగ సిగ్నల్ వచ్చింది. మంటలార్పే గ్యాస్ దానంతటదే విడుదలయ్యేముందు అరనిమిషం టైముంటుంది. ఆ గ్యాస్‌లో మనిషికి ఊపిరాడదు కాబట్టి, లోపల ఎవరైనా ఉంటే నేను మీట నొక్కి ఆపాలి. తెర మీద తలుపులన్నీ మూసే ఉన్నాయి. అయస్కాంతం సంగతి ఆ క్షణాన తట్టలేదు, అన్నయ్య భోజనానికి వెళ్లాడనుకున్నాను. నొక్కలేదు. ఫ్యాన్ల హోరు పడక చెవుల్లో దూది పెట్టుకుని లోపల పనిచేస్తున్నవాడికి సైరన్ వినపడలేదు.

విచారణలో అయస్కాంతం అన్నయ్యే పెట్టాడన్నారు. నేను నోరు మెదపలేదు. ఈ ఉత్తరం ఎవరికైనా చూపించు, నాకేమైనా కానీ.

ఇంకొక్క మాట. ఫ్రిజ్ మీది చిలక బొమ్మ పారేసిందని పాపని తిట్టావుగా. నిన్న నేనొచ్చేసరికి అది ఇంకా మంచాల కింద వెతుకుతోంది. అన్నయ్య తెచ్చిన అయస్కాంతం ఆ చిలక వెనకదే వదినా. ఇక వెతకొద్దని చెప్పు.

నీ మరిది