ఊపిరి బిగపట్టండి

అక్కా,

నవ్వనని ఒట్టేసుకుని చదువు. నలభై నాలుగేళ్ల నీ చెల్లెలు ఈత పోటీకి దిగుతోంది. నడుం నొప్పికి ఈత మంచిదని డాక్టరు చెబితే, మా ఆసుపత్రి పక్కనున్న కొలనులో ఆరు నెలల కిందట చేరాను. ఇప్పుడు నలుగురు ఆడవాళ్ల జట్టులో ఉన్నాను. ఒకరి తర్వాత ఒకరు ఆ చివరికి వెళ్లి, తిరిగి రావాలి. మిగతా ముగ్గురూ గోడ దగ్గర నీళ్లలోనే పిల్లిమొగ్గ వేసి, పాదాలతో తన్ని బాణంలా వచ్చేస్తారు. నేను మాత్రం గోడను చేత్తో పట్టుకుని, పైకి లేచి, గాలి పీల్చుకుని, అప్పుడు వెనక్కి తిరుగుతాను. వచ్చే నెల పోటీలోగా మొగ్గ రాకపోతే నా చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు.

మొగ్గ వేయగానే ముక్కులోకి నీళ్లెక్కుతాయి. పాదాలకు గోడ దొరకదు. పైన ఏదో కింద ఏదో తెలియదు. పెట్టెలో పెట్టి మూతేసినట్టు ఉంటుందే అక్కా. మా కోచ్ మెడలోంచి ఈల తీయదు, అందుకే ఈలమ్మ అంటాం. నిన్న గట్టు మీదికి పిలిచి అడిగింది.

"ముక్కుతో గాలి వదులుతూ తిరగాలమ్మా. నువ్వేమో బిగపడుతున్నావు. ఎందుకూ?"

"అలవాటండీ. ఎక్స్‌రే గదిలో పని నాది. రోజుకి అరవైసార్లు 'ఊపిరి బిగపట్టండి' అంటాను. అన్నప్పుడల్లా నేనూ బిగపడతాను."

"మరి 'వదలండి' అని కూడా అంటావుగా?"

అంటాను. వాళ్లు వదులుతారు. నేను మర్చిపోతాను.

ఆవిడకి చెప్పనిది నీకు చెబుతున్నాను. సాయంత్రం మీ మరిది తలుపు తాళం తిప్పిన చప్పుడు వినగానే కూడా బిగపడతాను. ఆయనకు కోపమొస్తే అరవడు, కొట్టడు. మాట్లాడడం మానేస్తాడు. తనను అడక్కుండా ఈతలో చేరానని తెలిసి ఇప్పటికి తొమ్మిది వారాలు. ఒకే బల్ల దగ్గర తింటాం, నా వెనక గోడను చూస్తూ తింటాడు. ఎనిమిదేళ్ల కిందట ఇలాంటప్పుడే సంచి పట్టుకుని మీ ఇంటికొచ్చాను. నువ్వు కాఫీ ఇచ్చి, అదే సాయంత్రం తిరుగు బస్సెక్కించావు. ఆ బస్సులోంచి నేనింకా దిగలేదక్కా.

నీ చెల్లి

*

ఒసే పిడుగూ,

నేను నవ్వలేదు గానీ మీ బావ నవ్వాడు. ఈ వయసులో నీకు పిల్లిమొగ్గలేమిటే? మెడ పట్టేస్తే ఎవరు చూస్తారు? మరిది తాగడు, తిరగడు, చెయ్యెత్తడు. మాట్లాడకపోతే నువ్వే మాట్లాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది. ఆ ఈతేదో మానెయ్, ఆయనే దిగొస్తాడు. కాస్త సర్దుకుపోవే తల్లీ. ముక్కుకి ఆవిరి పట్టు.

అక్క

*

అక్కా,

నీ ఉత్తరంలో అన్నీ ఉన్నాయి, ఆ బస్సు తప్ప. ఒళ్లు మండి జవాబు రాయలేదు. ఆ మంటతోనే కొలనుకి పోయాను.

"గోడ కోసం వెతక్కు. అడుగున నల్లగీత అయిపోగానే తిరిగిపో. తిరుగుతున్నంతసేపూ ముక్కుతో 'ఊఁ' అంటూ ఉండు" అంది ఈలమ్మ. మొదటిరోజు ఊఁ అంటూ ఉత్త నీళ్లనే తన్నాను. మర్నాడు మడమ కొట్టుకుని తోలు లేచింది. ఆరో రోజు రెండు పాదాలూ గోడకి ఆనాయి. తన్నాను. అబ్బ, ఎంత దూరం పోయానో! నీళ్లలోనే ఏడ్చేశాను, ఎవరికీ తెలియలేదులే.

నిన్న పోటీ. ఆరు జట్లలో ఐదో స్థానం మాది. బావను నవ్వుకోమను. నా మొగ్గ నేను వేశాను.

తడి జుట్టుతోనే ఇంటికెళ్లాను. ఆయన బల్ల దగ్గర పేపరు చదువుతున్నాడు. "నేను వెళ్లిపోతున్నాను. ఆసుపత్రి వెనక వీధిలో గది తీసుకున్నాను" అన్నాను. పేపరు దించాడు. పదమూడు వారాల తర్వాత నా మొగుడి నోట వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా?

"మరి వంటో?"

ఎంత నవ్వొచ్చిందంటే సంచి జిప్పు లాగడానికి చేతులాడలేదు.

కొత్త గదిలో కూర్చుని రాస్తున్నాను. ఒక మంచం, ఒక కిటికీ. తీస్తే ఆసుపత్రి దుప్పట్లు ఆరేసే పెరడు, సబ్బు వాసన. భయం లేదని అబద్ధం చెప్పను. పొద్దున కూడా తాళం చప్పుడైందేమోనని ఉలిక్కిపడ్డాను. తాళంచెవి నా దగ్గరే ఉంది.

మీ ఇంటికి రాలేదని నొచ్చుకోకు. నువ్వే రా. కాఫీ ఇస్తాను. అదే సాయంత్రం బస్సెక్కించనులే.

పిడుగు