దిగే దారి లేని పార్కింగ్

తమ్ముడికి,

నువ్వు ప్లాను గీసిన అపార్టుమెంటులో మేం చేరి నెల దాటింది. ఇళ్ళు బాగానే ఉన్నాయి. కింద పార్కింగ్ మాత్రం, కార్లోంచి మనుషులు దిగుతారన్న సంగతే ఎన్నడూ విననివాడు గీసినట్టుంది. మాకిచ్చిన చోటుకి ఒకవైపు గోడ, మరోవైపు స్తంభం. మీ బావగారు రోజూ డిక్కీలోంచి పాకుతూ దిగుతారు. ఆ వేడుక చూడటానికి పక్కింటి మాస్టారు టీ గ్లాసుతో సహా కిందికి వస్తారు.

మోకాలి ఆపరేషన్ అయి నిన్న అమ్మ ఇంటికి వచ్చింది. బయట కుండపోత వాన. తడవకూడదని కారు నేరుగా లోపలికి తెచ్చారు. తలుపు నాలుగు వేళ్ళ మందం తెరుచుకుని స్తంభానికి కొట్టుకుంది. వెనక్కి తీయబోతే కారు వెనకున్న ఇంకో స్తంభానికి ఆనుకుని ఇరుక్కుపోయింది. కుట్లు పడ్డ కాలు చాపుకునే వీల్లేక అమ్మ అరగంట సేపు కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

కారు జరపడానికి నలుగురూ చేరారు. "ఈ ప్లాను గీసిన ఘనుడెవడండీ?" అన్నారు మాస్టారు.

నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. నువ్వు పరీక్ష తప్పితే, పేపరు దిద్దినవాణ్ణి తిట్టిన మనిషి.

"ఎవడో తెలీదు బాబూ. వాణ్ణి కన్నతల్లిని అనాలి" అంది.

ఆదివారం రా. మా కారు తీసేస్తాం, ఆ చోటులో నీ కారు పెట్టుకో. దిగగలిగితే పైకొచ్చి అమ్మను పలకరించు.

అక్క