అమ్మ రాయని వాక్యం

బుజ్జితల్లికి,

ఆశీస్సులు. నేను బాగున్నాను. మీరిద్దరూ బాగున్నారని నీ ఉత్తరమే చెప్పింది కాబట్టి మళ్ళీ అడగను. అల్లుడి నడుంనొప్పి తగ్గిందో లేదో మాత్రం రాయి.

నువ్వడిగినవాటికి జవాబులు. వేళకు తింటున్నాను. ఉప్పు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ. మొత్తం మీద సరిపోతోంది. మోకాలు అలాగే ఉంది. అమ్మ బీరువా ఇంకా తెరవలేదు. తొందరపెట్టకు.

యూనివర్సిటీలో అమ్మ చెప్పే పాఠం ఈ ఏడు నేను అడిగి తీసుకున్నాను. సాహిత్యం చదివే పిల్లలకు ఆధారం ఎక్కడ వెతకాలో, దొరికినదాన్ని ఎంతవరకు నమ్మాలో నేర్పే పాఠం. మొదటి వ్యాసం శోకగీతాల మీద రాయమన్నాను. సగానికి పైగా పిల్లలు అమ్మ పుస్తకంలోదంటూ ఒకే వాక్యం ఎత్తి రాశారు: ‘పోయినవాళ్ళు మనం చదివే ప్రతి పద్యంలోనూ ఒకసారి తిరిగి వస్తారు.’ పుట సంఖ్య ఒక్కరూ వేయలేదు.

“ఏ పుటలో ఉంది?” అన్నాను.

“నెట్‌లో పదిచోట్ల ఉంది సార్,” అంది వాగుడుకాయ. క్లాసంతా కలిసి ఆ అమ్మాయికి పెట్టిన పేరది.

“పుస్తకం చూశావా?”

“పదిమంది చెప్పాక పుస్తకమెందుకు సార్?”

“పదిమంది కాదమ్మా. ఒకరు చెప్పారు, తొమ్మిదిమంది ఎత్తి రాసుకున్నారు.”

వెనక బెంచీ అబ్బాయి, “రచయిత్రినే అడిగేద్దాం సార్, మెయిల్ దొరక్కపోదు,” అన్నాడు. దొరకదన్నాను. ఆమె నాకేమవుతుందో ఈ కొత్త పిల్లలకు తెలియదు.

మార్కులు ఆపాను. మా శాఖాధిపతి గదికి వచ్చి కూర్చున్నాడు. “ఒక్క వాక్యానికి క్లాసు మార్కులన్నీ ఆపితే ఎలా మాస్టారూ? పైవాళ్ళు నన్ను పీక్కుతింటున్నారు.”

“ఇంకో వారం తిననివ్వండి,” అన్నాను. నవ్వలేక నవ్వి వెళ్ళిపోయాడు.

పిల్లల్ని గ్రంథాలయానికి తీసుకెళ్ళాను. ఫోన్లు కిటికీ గట్టు మీద పెట్టించి, అమ్మ పుస్తకం ప్రతులు బల్లల మీద ఉంచి, అధ్యాయాలు పంచాను. వాగుడుకాయ ఆ మధ్యాహ్నమంతా నోరు విప్పలేదు. చివరికి లేచి నిలబడింది.

“మేడమ్ ఈ మాట అనలేదు సార్. దీనికి వ్యతిరేకంగా అన్నారు.” పైకి చదివింది: ‘శోకగీతం పోయినవారిని తీసుకురాదు. రారని ఒప్పుకునే ధైర్యం ఇస్తుంది, అంతే.’

ఆ పుస్తకం ప్రూఫులు దిద్దింది నేనే. ఆ వాక్యాన్ని ఇంకొకరి గొంతులో వినడం మాత్రం అదే మొదటిసారి.

తర్వాత ఫోన్లు తిరిగి ఇచ్చి, ఆ తప్పు వాక్యం ఎక్కడ మొదలైందో వెతకమన్నాను. తేదీలు పట్టుకుని ఒక్కొక్క మెట్టే వెనక్కి వెళ్ళారు.

ఇంతవరకూ చెప్పలేక వేరే సంగతులు రాసుకొచ్చాను, తల్లీ. మొదలు నువ్వే. అమ్మ పోయిన వారానికి నువ్వు నెట్‌లో పెట్టిన నివాళి. ఫొటో కింద ఆ వాక్యం, దాని కింద అమ్మ పేరు, పుస్తకం పేరు. ఆ ఫొటోలో నేనూ ఉన్నాను.

ఫోను నా ముందు పెట్టి, “ఈవిడ మీకు...” అని ఆగిపోయింది వాగుడుకాయ.

“ఆమె నా భార్య. ఇది రాసింది మా అమ్మాయి.”

“అయితే వదిలేద్దాం సార్. పాపం, ఏడుస్తూ రాసుంటారు.”

“ఏడుస్తూ రాసినా పుట అడగాలి. నేను అడుగుతాను,” అన్నాను.

నువ్వు అబద్ధం రాయాలని రాయలేదు. ఆ మాట అమ్మ నీతో అనాలని నీకు అనిపించింది. నాతోనూ అంటే బాగుండుననిపించింది. కానీ అనలేదు. ఇలాగే వదిలేస్తే ఇంకొన్నేళ్ళకు ఆవిడ చెప్పిందంటూ మిగిలేది ఆ ఒక్కటే. కాదని చెప్పడానికి ఆవిడ లేదు. ఆ పని మనది.

నివాళి తీసేయమనను. వాక్యం కింద అమ్మ పేరు తీసి నీ పేరు పెట్టు. బాగా రాశావు, నీదని చెప్పుకోవడానికి సిగ్గుపడనక్కర్లేదు. పక్కనే అమ్మ అసలు వాక్యం పుట సంఖ్యతో సహా రాయి. సోమవారం క్లాసులో అందరం కలిసి చూస్తాం. నూట నలభై ఒకటో పుట.

ఇట్లు,
గడువు పొడిగించని
మీ నాన్న