పదకొండుమంది రక్తం

ప్రభువునందు ప్రియమైన అమ్మలూ,

మీ అమ్మ రక్తం మీద కుర్చీ వేసుక్కూర్చున్న మనిషి దగ్గరే నీకు ఉద్యోగం కావాల్సి వచ్చిందా?

పన్నెండేళ్ళ కిందట ఆ ప్రొఫెసర్ మన ప్రార్థన మందిరానికి వచ్చినప్పుడు అరిగిన చెప్పుల పరిశోధక విద్యార్థి. "అన్నగారూ, మీ ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళు రొమ్ము క్యాన్సర్‌తోనే పోయారు. వంశంలో దిగుతోందేమో చూస్తాం" అన్నాడు. నేనే బల్లలు వేయించాను. మన ఇంటివాళ్ళం పదకొండుమందిమి చేతులు చాపాం. "నా రక్తంలో మా అన్నయ్య ప్రసంగాలు తప్ప ఇంకేం దొరుకుతాయి బాబూ" అని మీ అమ్మ నవ్వింది. మనకు పేర్లు తీసేసి అంకెలు పెట్టాడు, మన మీద వ్యాసాలు రాశాడు, డాక్టరేట్ తెచ్చుకున్నాడు, ఆ ప్రయోగశాలకే పెద్దయ్యాడు. మీ అమ్మ జన్యువులో లోపం ఉందని అతనికి తెలుసు. ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పి ఉంటే ముందే ఆపరేషన్ చేయించుకునేది. అదే జబ్బుతో నలభై రెండేళ్ళకే మట్టిలో పెట్టాం.

అన్న చేతిలో చచ్చిన హేబెలు రక్తం నేలలోంచి మొరపెట్టింది. మీ అమ్మది అతని ఫ్రిజ్‌లోంచి మొరపెడుతోంది. వచ్చే నెల అతనికి సన్మానమట. మన ఫైలు నాకు పంపు. నిండు సభలో ఆ కుర్చీలోంచి లేపకపోతే నేను మీ అమ్మకు అన్ననే కాదు.

నీ మామయ్య


అమ్మలూ,

"దొంగతనంగా కాదు, ఆయన్నే అడిగి తెచ్చాను. మీరే చూసుకోండి మామయ్యా" అని నువ్వు పంపిన కాగితాలు అందాయి. ప్రతి ఫారం అడుగున ఒక ప్రశ్న: పరీక్షలో ఏదైనా బయటపడితే మీకు చెప్పమంటారా? పదకొండింటిలోనూ 'వద్దు' అన్నచోటే టిక్కు. అన్నీ నా చేతి గీతలే.

గుర్తొచ్చింది. ఆలస్యమవుతోందని అందరి ఫారాలూ నేనే లాక్కుని నింపాను. "రేపటి సంగతి దేవుడిది, మనకెందుకు" అన్నాను. "నాకు తెలుసుకోవాలనుంది అన్నయ్యా" అంది మీ అమ్మ. "నీకు విశ్వాసం లేదా?" అని అంతమందిలో గద్దించాను. తల దించుకుని సంతకం పెట్టింది.

ఎవడి తప్పుకో మండిపడుతున్న రాజు ముఖాన్నే ప్రవక్త 'ఆ మనిషివి నీవే' అన్న మాట మీద ఎన్ని ప్రసంగాలు దంచానో! అతను ఇన్నేళ్ళలో ఒక్కసారైనా వచ్చి మళ్ళీ అడగాల్సింది. ఆ తగాదా అతనితో ఉంది, తర్వాత తేల్చుకుంటాను. నా పగ చల్లారలేదు అమ్మలూ, ఇంటికి తిరిగొచ్చి నా గుమ్మంలోనే కూర్చుంది. నిన్న మందిరంలో అందరి ముందూ ఒప్పుకున్నాను. "ఇన్నాళ్ళూ మా నోళ్ళు కూడా నీ దగ్గరే పెట్టుకున్నావు కదరా" అంది మా పెద్దక్క. నువ్వు జతచేసిన కొత్త ఫారాలు మిగిలినవాళ్ళంతా ఎవరివి వాళ్ళే నింపుకున్నారు. నేను కలం ముట్టుకోలేదు.

ఇక నీ సంగతి. "రోజూ ఊరందరి రక్తం పరీక్షిస్తాను, నాది ఇవ్వాలంటేనే చెయ్యి రావట్లేదు మామయ్యా" అని చివర్లో చిన్న అక్షరాలతో రాశావు. ముప్పైకి దగ్గర పడ్డావు. నీకు ఆజ్ఞాపించే హక్కు పోగొట్టుకున్నాను, బతిమాలుతున్నాను. మీ అమ్మకు నేను దక్కనివ్వని జవాబు నువ్వు అడిగి తీసుకో. ఈ ఉత్తరం బల్ల మీద పడెయ్. లే. చొక్కా చెయ్యి పైకి మడుచుకుని వెళ్ళి కూర్చో. రేపు కాదు తల్లీ, ఈరోజే.

నీ మామయ్య