తోక తీసేసిన బన్యిప్

గన్నర్స్ బెండ్,
4 మార్చి 2019

టాంసిన్ ఓక్లీ గారికి,

నా పేరు క్లారీ బాడింగ్టన్. వయసు డెబ్బై నాలుగు. మీరు మనుషుల మొహాలూ, కథల్లోని జంతువులూ సిరాతో వేస్తారని మా లైబ్రరీలో చెప్పారు. నా తొమ్మిదో ఏట మర్రే నది పక్క మడుగులో, ఛాతీ దాకా నీళ్ళలో నిలబడ్డ మన పాత కథల నీటి భూతం బన్యిప్‌ను చూశాను. అప్పట్నుంచీ ఊరు నవ్వుతోంది. పబ్‌లో కూర్చోగానే వెర్నా క్లాప్ అడుగుతుంది, "ఏం క్లారీ, ఇవాళ దానికి కొమ్ములొచ్చాయా?" అని. నేను పోయేలోగా దాని అసలు రూపం ఆ పబ్ గోడకు తగిలించాలి. పొడవు పన్నెండడుగులు. కోరలు, గుర్రం తోక, మెడ నిండా బొచ్చు.

ఇట్లు,
క్లారీ

తా.క. కోరలు రెండే. పబ్‌లో నాలుగని చెప్పాను.

హోబార్ట్,
15 మార్చి

బాడింగ్టన్ గారికి నమస్కారం.

చిత్తు బొమ్మ పంపుతున్నాను. మనిషైనా జంతువైనా నా పద్ధతి ఒకటే, చూసినంతే వేస్తాను. మీరు ఎంత దూరంలో నిలబడ్డారు? అది ఛాతీ దాకా నీళ్ళలో ఉంటే తోక ఎలా కనబడింది? నోరు తెరిచిందా?

మీ
టాంసిన్

తా.క. పన్నెండడుగులు దేనితో కొలిచారు?

గన్నర్స్ బెండ్,
26 మార్చి

అమ్మాయ్ టాంసిన్,

నువ్వూ వెర్నా ఒకే బళ్ళో చదువుకున్నారా? బొమ్మ వెయ్యమంటే పోలీసులా అడుగుతున్నావు. ఇరవై గజాల దూరం. తోక కనబడలేదు. గొర్రెల బొచ్చు కత్తిరించేవాళ్ళు నమ్మడం లేదని 1970ల్లో నేనే తగిలించాను. తీసెయ్. నోరు తెరవలేదు, కాబట్టి కోరలూ తీసెయ్. మూతి అచ్చం మనిషి మూతిలాగే ఉంది. ఎడమ కనుబొమ మధ్యకు చీలి ఉంది. చలికి వణుకుతోంది. నన్ను చూసి సిగ్గుపడ్డట్టు తల దించుకుంది. అది మాత్రం కలపలేదు.

కోపంతో,
క్లారీ

తా.క. పొడవు కూడా ఆ 1970ల్లోనే పెరిగింది.

హోబార్ట్,
9 ఏప్రిల్

బాడింగ్టన్ గారికి,

మిమ్మల్ని అబద్ధాలకోరని నేననలేదు. సిరా బొమ్మను టాబ్లెట్‌లోకి ఎక్కించి తోక, కోరలు విడివిడి పొరల మీద వేశాను. మీరు చెప్పినట్టే ఒక్కొక్కటీ తీసేశాను. చివరికి తెర మీద మిగిలింది మెడ చుట్టూ బొచ్చుతో, తడిసిన ఒక మొహం. దీన్ని బన్యిప్ అనడానికి నాకు ధైర్యం చాలడం లేదు. తగిలిస్తే మిమ్మల్ని చూసి ఇంకా నవ్వుతారేమోనని భయం. అయినా అచ్చు వేసి పంపుతున్నాను.

మీ
టాంసిన్

తా.క. తీసిన పొరలు పారెయ్యలేదు. ఒక్క మీట నొక్కితే తోక తిరిగొస్తుంది.

గన్నర్స్ బెండ్,
23 ఏప్రిల్

టాంసిన్ తల్లికి,

శనివారం తగిలించాను. నవ్వడానికి ఊరంతా వచ్చింది. వెర్నా గ్లాసు పట్టుకుని ముందుకొచ్చి ఆగిపోయింది.

"మా నాన్న బొమ్మ నీకెక్కడిది, క్లారీ?"

వాళ్ళ నాన్న కుందేళ్ళు పట్టేవాడు. నదికి ఎగువన గుడారంలో ఉండేవాడు, ఊళ్ళోకి వచ్చేది తక్కువ. నేను బన్యిప్‌ను చూసిన ఆ చలికాలం ఒకసారి మడుగులో జారిపడి, మెడకు చుట్టుకున్న కుందేలు తోళ్ళతో సహా తడిసి గుడారానికి తిరిగొచ్చాడట. మరుసటి ఏడు పోయాడు. యాభై ఆరు వరదలో ఫొటోలన్నీ కొట్టుకుపోయాయి. అప్పటినుంచి వెర్నా ఆ మొహం చూడలేదు. "ఆ కనుబొమ చీలింది చిన్నప్పుడు నేను విసిరిన రాయికే," అంది.

బొమ్మ తీసి ఆమె చేతికిచ్చాను. "థాంక్స్ క్లారీ" అంది. ఆమె నోట ఆ మాట నాకు అలవాటు లేదు, బయటికి వచ్చి కాసేపు నిలబడ్డాను. నేను నిజంగానే చూశానని ఇప్పుడు ఊరంతా నమ్ముతోంది. నువ్వు అన్ని ప్రశ్నలు అడక్కపోతే ఇది జరిగేది కాదు. బతికినంత కాలం గుర్తుంచుకుంటాను.

కృతజ్ఞతతో,
క్లారీ

తా.క. పబ్ గోడ బోసిగా ఉంది. ఆ మీట నొక్కి ఇంకోటి పంపు. వేరే మొహం పెట్టు. కోరలు మాత్రం నాలుగుండాలట, వెర్నా పట్టుబట్టింది.