పద్నాలుగు మెట్లకు జవాబు

జువ్వలదిన్నె,
ఆదివారం.

భవాని నాయనకు మీ ఇంటిది నమస్కరించి రాయునది. ఇక్కడ నేను, అమ్మాయి, అల్లుడు బాగున్నాము. మీరు కూడా బాగున్నారనీ, వేళకు తింటున్నారనీ తలుస్తాను. బాగాలేకపోతే దాచకుండా రాయండి.

రోజూ ఫోనులో మాట్లాడుతూ ఈ ఉత్తరం ఎందుకని అనుకుంటారేమో. ఫోనులో అయితే సగం మాటకే మీరు అందుకుంటారు. కాయితం మీద నన్ను ఆపలేరు. నాది రెండో తరగతి చదువు, తప్పులుంటే సర్దుకుని చదవండి.

మీరు అడిగినవాటికి ముందు జవాబు. కాలి వాపు తగ్గింది. కుట్లు వేసిన చోట నొప్పి లేదు, చలిగాలికి మాత్రం లాగుతుంది. మనది ఉప్పుగాలి కదా, తుంటిలో పెట్టిన రాడ్డు తుప్పు పడుతుందేమోనని అబిగయీలును అడిగాను. పట్టదని నవ్వింది. అదే, నెల్లూరు ఆసుపత్రి నుంచి నాకు వ్యాయామం నేర్పే పిల్ల. శనివారం ఫోనులో కనబడి మంచం మీద చేసేవి చేయిస్తుంది. మిగతా రోజుల్లో నేను నడిచేది వీడియో తీసి పంపాలి. అమ్మాయి హార్బరులో చేపలు ఏరే పనికి పోతూ, బోర్లించిన గంప మీద ఫోను నిలబెట్టి, ఎక్కడ నొక్కాలో చూపించి పోతుంది. అడుగులు ఎలా పడుతున్నాయో చూడాలి కాబట్టి అందులో మోకాళ్ళ కింద మాత్రమే కనబడుతుంది.

ఇక తడలో గది సంగతి. మీరు వాచ్‌మన్‌గా ఉన్న కంపెనీకి దగ్గరనీ, కొళాయి లోపలే ఉందనీ, కానీ మేడ మీద, పద్నాలుగు మెట్లనీ అమ్మాయి ఫోనుకు రాసి పంపారు. "ఆపరేషన్ అయిన నెలన్నరకే చకచకా నడిచావంట కదా, ఎక్కగలవు, ఒప్పుకోనా?" అని అడిగారు. అది చదివి మూడు రోజులు అన్నం సయించలేదు.

ఆ చకచకా నడిచింది నేను కాదు. పక్కింటి పేరమ్మ.

కోప్పడకండి. మీరు సెలవు అయిపోయి తడకు వెళ్ళిన మరునాడే వాకరు కాలు చాపలో చిక్కుకుని తూలాను. మంచం పట్టుకున్నాను కాబట్టి పడలేదు. ఆ రోజు నుంచి ఆ కాలు మోపితే ఒళ్ళంతా వణుకు. మళ్ళీ విరిగితే అమ్మాయి పని మానాలి, మీరు ఉద్యోగం వదిలి రావాలి అని ఒకటే ఆలోచన. పేరమ్మ ఎండుచేపల గంప దించి కూర్చుని నా ఏడుపు విన్నది. "ఏందక్కా, పాదాలే కదా కనబడేది! నీ చీర ఒకటి కట్టుకుని నేను నడస్తా, నువ్వు ఫోను నొక్కు" అనింది. అలా పన్నెండు రోజులు ఆమె నడిచింది, నేను నొక్కాను. అమ్మాయికి కూడా తెలియదు.

ఆ మరునాడు శనివారం. అబిగయీలు వ్యాయామం అంతా చేయించింది. తరువాత మెల్లగా, "అవ్వా, తాతకేమన్నా అయిందా? నాతో ఒక మాట చెప్పకూడదా?" అనింది. నాకు అర్థం కాలేదు. "ముందు వీడియోల్లో నీ కాళ్ళకు మెట్టెలుండె. ఇప్పుడు లేవు" అనింది.

పేరమ్మ మొగుడు సముద్రంలో పోయి పదేళ్ళయింది. ఆ ఆలోచనే మా ఇద్దరికీ తట్టలేదు. మీ మీదికి అంత మాట నా వల్ల వచ్చింది. "ఉన్నాడమ్మా, రాయిలాగా ఉన్నాడు! అవి నా కాళ్ళు కావు!" అని అరిచేశాను. తలుపు దగ్గర నుంచి పేరమ్మ, "నా కాళ్ళకేం తక్కువమ్మా, వంకర లేకుండా నడిచినాయి కదా!" అనింది. అబిగయీలు తిట్టబోయి నవ్వేసింది. "వణికే కాలే చూపించవ్వా. ఆ వణుకు చూస్తేనే కదా ఏం చెప్పాలో నాకు తెలిసేది" అనింది.

పేరమ్మ నవ్వుతూనే వెళ్ళింది కానీ ఆ సాయంత్రం మా ఇంటికి రాలేదు. మెట్టెల మాట ఆమెకు ఎక్కడ తగిలిందోనని నాకు ఒకటే దిగులు. మరునాడు తానే వచ్చి చాప చుట్టి మూలన పెట్టి, "లెయ్ అక్కా, ఇంక నీ కాళ్ళతోనే. నేను పక్కన ఉంటా" అనింది.

ఇది జరిగి ఐదు వారాలు. మొదటి రోజు ఆరడుగులు వేశాను, వణుకుతూనే. ఇప్పుడు వాకరుతో వలలు ఆరేసే చోటిదాకా పోయి వస్తున్నాను. నిన్న తుఫాను షెల్టరులో కమ్మీ పట్టుకుని ఐదు మెట్లు ఎక్కాను. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. అది నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు.

కాబట్టి గది ఒప్పుకోండి. కానీ నేను రావడానికి ఇంకో నెల పడుతుంది. ఆ మెట్లకు కమ్మీ ఉందో లేదో, ఉంటే గట్టిగా ఊపి చూసి, ఏ చేతి వైపో రాయండి. ఆ చేత్తోనే ఇక్కడ అలవాటు చేసుకుంటాను. మొదటి రోజు ఏడో మెట్టు మీద కూర్చుండిపోతానేమో. అప్పుడు కంగారుపడి నన్ను ఎత్తబోకండి, కిందికి పోదామనకండి. పక్కన కూర్చోండి. మిగతా ఏడూ నేనే ఎక్కుతాను.

ఇట్లు,
భవాని వాళ్ళమ్మ,
చెంచులక్ష్మి.